ఇంటి సాక్ష్యం

పోయినవారం రిమైండరమ్మ వేలు మౌసు మీద ఉండగా ఆగాం. ఆ వేలు దిగింది. మెయిలు వెళ్ళిపోయింది.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. రంగుల మిల్లులో పనిచేసి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు పరిహారం కావాలని అర్జీ పెట్టుకుంటారు. ఆ అర్జీలు చూడటానికి మిల్లువాళ్ళు ఒక ఆఫీసు పెట్టుకున్నారు. చూడటానికి అన్నానా? చూడకుండా ఉండటానికి. ఆ ఆఫీసులో మన రిమైండరమ్మ పని, క్లయింట్లకి మెయిళ్ళు పంపి కాగితాలు అడగడం. పద్ధతి ఏమిటంటే, ఒక మెయిలుకి ఒక్క కాగితమే అడగాలి. జీతం కాగితం పంపితే హాజరు కాగితం అడగాలి. అదీ పంపితే డాక్టరు కాగితం. అదీ పంపితే ఆ డాక్టరు డాక్టరేనని ఇంకో కాగితం. మొత్తం జాబితా ఎవరికీ ఒక్కసారి ఇవ్వకూడదు. మనిషి తిరిగి తిరిగి, దగ్గి దగ్గి, ఎక్కడో ఒకచోట కూలబడతాడు. మూడు రిమైండర్లకి జవాబు రాకపోతే ఫైలు మూసేస్తారు. ఎవరూ ఎవరినీ తిట్టరు, ఎవరూ ఎవరినీ గెంటరు. అన్ని మెయిళ్ళూ 'దయచేసి'తోనే మొదలవుతాయి.

క్లయింట్ల పేర్లు ఆమెకి తెలియవు. ఆమె ముందు ఫైలు నంబరు, మెయిలు అడ్రసు మాత్రమే ఉంటాయి. వచ్చిన కాగితాలు తిన్నగా పై అంతస్తుకి పోతాయి. పేరు తెలిస్తే జాలి పుడుతుందని పెద్దసారు పెట్టిన ఏర్పాటు అది.

ఆ పొద్దున ఆమె పంపింది ఆఖరి మెయిలు. 'ఈ సాయంత్రం ఐదింటితో మీ ఫైలు మూసివేయబడును.' ఒకే మెయిలు, అందరికీ. అడ్రసులన్నీ దాచే గడిలో పెట్టాలి, ఒకరి అడ్రసు ఇంకొకరికి కనపడకూడదు. ఆమె వాటిని పైన, తెరిచి ఉన్న గడిలో పెట్టింది. కావాలని పెట్టిందా, పొరపాటున పెట్టిందా? అదే ఇప్పుడు పెద్దసారు అడుగుతున్నాడు.

"తెలిసి చేశావా, తెలియక చేశావా?"

"తెలీదు సార్."

"తెలీకుండా చేశానంటున్నావా?"

"తెలిసి చేశానో తెలియక చేశానో తెలీదు సార్."

నిజమే చెప్పింది. ఆమెకి చాలా రోజులుగా ఏదీ తెలియడం లేదు. కాఫీ చల్లారిందో వేడిగా ఉందో తెలియదు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే, వాళ్ళు సారీ చెప్పాక కానీ తెలియదు. ఇదేదో జబ్బు అనుకోకండి. రోజంతా 'మీ బాధను అర్థం చేసుకోగలము' అని టైపు చేసే మనిషికి అలవాటయ్యేదే.

పెద్దసారు కంప్యూటరు తెర ఆమెవైపు తిప్పాడు. "చదువు. నీ నిర్వాకం."

మెయిలు అందుకున్నవాళ్ళు ఒకరికొకరు జవాబులు రాసుకుంటున్నారు. ఆఫీసుని మధ్యలో పెట్టుకుని, ఆఫీసు లేనట్టే.

'నన్ను జీతం కాగితం అడిగారు. ఇచ్చాక హాజరు కాగితం అడిగారు. ఇచ్చాక మళ్ళీ జీతం కాగితమే అడిగారు. మీక్కూడా ఇంతేనా?'

'మాకూ ఇంతే. మీరెవరండీ?'

'రెండో షెడ్డు. ఆవిరి గది.'

'బాయిలరు బావా! నువ్వేనా? బతికే ఉన్నావా?'

'ఉన్నానురా. రుజువు పంపమంటావా?'

'సంతకం పెట్టించి మూడు కాపీలు పంపు.'

ఎవరో ఒకాయన మాత్రం ఈ గోల తనకొద్దనీ, తన అడ్రసు తీసేయమనీ అందరికీ రాస్తున్నాడు. ఆయనకి అందరూ జవాబు రాస్తున్నారు. వాటికి ఒళ్ళు మండి ఆయన మళ్ళీ అందరికీ రాస్తున్నాడు.

అన్నిటికన్నా పైన ఉన్న మెయిలు మీద పెద్దసారు వేలు పెట్టాడు. 'నేను మంచినీళ్ళ క్యాన్లు వేసేవాణ్ణి. ఈ మెయిలు కింద ఉన్న ఆఫీసు పేరు నాకు తెలుసు. మార్కెట్టు వెనక నీలం గేటు బిల్డింగు. వారం వారం వేస్తాను. ఐదు లోపల అందరూ కాగితాలు పట్టుకుని అక్కడికి రండి. మిల్లువాళ్ళు అర్జీతోపాటు మొదట ఇచ్చిన పుస్తకంలో వెనక పేజీలో సన్నక్షరాల్లో ఉంది. చేతికి ఇచ్చిన కాగితం అందినట్టే లెక్కంట.'

"ఆ పేజీ ఎవడూ చదవడనుకున్నాం," అన్నాడు పెద్దసారు. మొహం గొంతులో వెలక్కాయ పడ్డట్టుంది. "ఉన్న మాటే అది. గడువు లోపల మన మనిషి ఎవరైనా చేత్తో కాగితం పుచ్చుకుంటే ఆ ఫైలు మూయడానికి లేదు. అందుకే కదమ్మా మనం ఏ మెయిల్లోనూ అడ్రసు వేయం. నువ్వొచ్చి కొంప ముంచావు."

"నన్ను తీసేస్తారా సార్?"

"తీసేయాలి. తీసేయను. ఎందుకంటే నువ్వు కిందికెళ్ళి వాళ్ళతో మాట్లాడి పంపించేస్తావు. మెయిలు పొరపాటున వచ్చింది, ఇళ్ళకి వెళ్ళండి, కొత్త మెయిలు వస్తుంది అని చెప్తావు. ఆడమనిషివి, గొంతు మెత్తన, వింటారు. నేను గేటు కెమెరాలో చూస్తుంటాను." ఆగి, ఆమె చేతులవైపు చూశాడు. "ఒక్కటి గుర్తు పెట్టుకో. ఏ కాగితమూ చేత్తో ముట్టుకోకు. చేతులు వెనక్కి కట్టుకో. ముట్టుకున్నావో, రేపు ఈ కుర్చీలో ఇంకొకరుంటారు. మీ ఇంట్లో సంపాదించేది నువ్వొక్కదానివే కదూ?"

అవును. ఆమె ఒక్కతే. ఇంటాయన రంగుల మిల్లులో పని మానేసి చాలా కాలమైంది. సూపర్వైజరుతో పడలేదన్నాడు. ఆమె సరేనంది. ఒంటికి దుమ్ము పడటం లేదు, అందుకే దగ్గు అన్నాడు. దానికీ సరేనంది. రాత్రిళ్ళు ఆయన వరండాలో పడుకుంటాడు, గాలికి బాగుంటుందని. ఆమె లోపల ఫ్యాను పెద్దది పెట్టుకుని పడుకుంటుంది. పగలంతా జనాన్ని అడిగి అడిగి, ఇంటికి పోయాక ఒక్క ప్రశ్న అడగదు. ఆయనా చెప్పడు. తలుపు వేశావా, బియ్యం అయిపోయాయి, లైటు తీసెయ్. వాళ్ళ కాపురం మొత్తం ఈ మూడు మాటల మీద నడుస్తోంది.

లిఫ్టులో దిగుతూ ఆమె తనకి భయంగా ఉందేమోనని వెతుక్కుంది. లేదు. ఆమెకి గుర్తొచ్చింది ఒక్క క్లయింటు.

పోయిన వారాల్లో చదివినవాళ్ళకి ఆయన తెలుసు. ఆఫీసులో ఆమె ఆయనకి కాగితాలాయన అని పేరు పెట్టుకుంది. ఏదో జిరాక్సు షాపు అడ్రసు నుంచి రాసేవాడు. అదే అడ్రసు నుంచి ఇంకా చాలామంది రాసేవాళ్ళు, కానీ ఆయన మెయిలు చూడగానే తెలిసిపోయేది. 'అమ్మా, మీరు అడిగిన డాక్టరు కాగితం పంపాను. నాకు తెలుసు, ఇంకోటి అడుగుతారు. అడగండి. అడిగేవాళ్ళు లేకపోతే నాకు తోచదు.' ఒకసారి ఆసుపత్రి లైన్లో పొద్దుటినుంచి నిలబడ్డానని రాస్తే, ఆమె పద్ధతి తప్పి జవాబు చివర ఒక ముక్క చేర్చింది, నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి అని. 'పట్టుకెళ్ళానమ్మా. లైన్లో సగం మంది తాగారు' అని వచ్చింది. ఆ రోజు ఆమె నవ్వింది. పక్క సీటామె ముక్కున వేలేసుకుంది, "రిమైండరమ్మకి పళ్ళున్నాయే!" అని. నిజం చెప్పాలంటే, ఆ సీట్లో ఆమె ఎదురుచూసేది ఆ మెయిళ్ళ కోసమే.

తర్వాత పై అంతస్తునుంచి ఆయన ఫైలుకి కొత్త కాగితం అడగమని వచ్చింది. ఇంటి సాక్ష్యం. అదే ఇంట్లో ఉంటున్న మనిషి, ఇతనికి రాత్రిళ్ళు ఊపిరి ఆడకపోవడం నేను కళ్ళారా చూశాను అని రాసి సంతకం పెట్టాలి. ఆమె అడిగింది. జవాబు ఒక్క లైను. 'అమ్మా, మా ఇంట్లో సాక్షి ఉంది కానీ చూడదు. ఏం చేయమంటారు?'

ఏం చేయమనాలో టెంప్లేటులో లేదు. రెండో రిమైండరు పంపింది. మూడోదీ పంపింది. ఆ అడ్రసునుంచి ఆ గొంతు మళ్ళీ రాలేదు. ఈ పొద్దున ఆఖరి మెయిల్లో ఆయన ఫైలు నంబరు కూడా తనే చేర్చింది.

గేటు దగ్గర జనం రోడ్డు దాకా ఉన్నారు. అరుపులు లేవు. అరవడానికి ఊపిరి కావాలి. అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో కాగితాలు. ఒకరు దగ్గితే పక్కవాళ్ళు అందుకుంటున్నారు. వాచ్‌మన్ గ్రిల్ సందులోంచి ఆమెని బయటికి వదిలి మళ్ళీ తాళం వేశాడు.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. "మెయిలు పొరపాటున వచ్చిందండీ. మీరంతా ఇళ్ళకి వెళ్ళండి. కొత్త మెయిలు వస్తుంది."

ముందు నిలబడిన పెద్దావిడ, మిల్లులో సంచులు కుట్టిన మనిషి, టైలరమ్మ అంటారు, ఆమెని కిందనుంచి మీదదాకా చూసింది.

"నువ్వేనా తల్లీ, ఆ మెయిళ్ళ మనిషివి?"

"అవునండీ."

"నేను మిషను అనుకున్నానే! మా మనవరాలు కూడా అంది, అవి మిషన్లు రాస్తాయి అమ్మమ్మా, మనుషులైతే ఇట్లా రాయరు అని."

వెనక ఎవరో నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది.

"అయితే ఇదిగో, నువ్వడిగిన కాగితం," అంటూ టైలరమ్మ కవరు చాచింది.

"మెయిల్లో పంపాలండీ."

"పంపాను. అందలేదన్నావు. ఇప్పుడు అందుతుంది, పట్టుకో."

"చేత్తో తీసుకోకూడదండీ."

"ఎందుకు తీసుకోకూడదు? నా చెయ్యేమైనా అంటురోగమా?"

"అది... రూలండీ."

"ఏ రూలు?" క్యాన్లాయన గొంతు. భుజం మీద తువ్వాలు ఇంకా తడిగానే ఉంది. "వెనక పేజీలో ఉన్న రూలా, మీ సారు నోట్లో ఉన్న రూలా? అమ్మా, నన్ను చూడు. నీ సీటు పక్కనే కదా నేను క్యాను దించేది. నా నీళ్ళు తాగుతూనే కదా నాకు రిమైండర్లు పెట్టావు!"

ఆమె అతణ్ణి గుర్తుపట్టింది. వారం వారం చూసిన మొహమే. మెయిలు అడ్రసుకి మొహం ఉంటుందని ఆ క్షణందాకా తట్టలేదు, అంతే. నోటికొచ్చింది మాత్రం పాత మాటే. "మీ బాధను అర్థం చేసుకోగలమండీ."

"ఆ ముక్క అనకు," అంది టైలరమ్మ. కోపం లేదు, విసుగు ఉంది. "ఆ ముక్క ఇంకోసారి విన్నానంటే ఇక్కడే కూలబడతాను. నువ్వే మోసుకెళ్ళాలి. మోసేటప్పుడైనా ముట్టుకుంటావుగా."

ఆమె చేతులు వెనక ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. చల్లగా, ఎవరివో చేతుల్లా.

"ఇట్లా కాదు," అన్నాడు క్యాన్లాయన వెనక్కి తిరిగి. "మన రాతల మాస్టార్ని పిలవండి. ఆయన మాట్లాడితే కుదురుతుంది. మాస్టారూ! ముందుకి రండి! మాకందరికీ మెయిళ్ళు రాసిపెట్టింది ఆయనేనమ్మా, జిరాక్సు షాపులో కూర్చుని. కావాలంటే ఆయనతో మాట్లాడు."

జనం పక్కకి జరిగారు. జరిగినచోటునుంచి ఒక మనిషి నెమ్మదిగా నడిచి వచ్చాడు. నాలుగడుగులు వేసి ఆగుతూ, మళ్ళీ వేస్తూ. తెల్ల చొక్కా. కాలరు దగ్గర బొత్తాం మారిన చొక్కా. ఆ బొత్తాం కుట్టింది ఆమె.

ఇంటాయన.

చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమీ తెలియలేదు. ఆమె మొహంలో ఏమీ మారలేదు మరి. మారడం ఆ మొహం ఎప్పుడో మర్చిపోయింది. ఆమె చూసింది ఒక్కటే, ఆయన ఆశ్చర్యపోలేదు. గేటు బయట ఎవరు నిలబడి ఉంటారో ముందే తెలిసి వచ్చినవాడిలా వచ్చాడు.

"నమస్కారం మేడమ్," అన్నాడు.

పెళ్ళయినప్పటినుంచీ ఆయన ఆమెని 'ఏమే' అనో 'ఇదిగో' అనో పిలిచాడు. ఈమధ్య అదీ లేదు.

"మీరు అడిగిన కాగితాలన్నీ ఇచ్చాను మేడమ్. ఒక్కటే మిగిలింది. ఇంటి సాక్ష్యం. మూడుసార్లు అడిగారు, నేనే జవాబివ్వలేకపోయాను. తప్పు నాదే." జేబులోంచి మడత పెట్టిన తెల్లకాగితం తీసి విప్పాడు. దాని మీద ఏమీ లేదు. "ఇది ఎవరు రాయాలో వాళ్ళే రాయాలి కదా. అందుకని ఖాళీగా తెచ్చాను."

అడగండి, అడిగేవాళ్ళు లేకపోతే నాకు తోచదు. లైన్లో సగం మంది తాగారు. ఆ మాటలన్నీ ఈ నోటినుంచా? ఇంట్లో బియ్యం అయిపోయాయని చెప్పడానికి కూడా బద్ధకించే ఈ నోటినుంచా? ఆమె నవ్విన నవ్వు, ఎదురుచూసిన ఎదురుచూపు, ఇంట్లో వరండాలో పడుకున్న మనిషి కోసమా?

వాచ్‌మన్ గదిలో ఫోను మోగింది. అతను ఎత్తి, అందరికీ వినిపించే బటను నొక్కాడు. పెద్దసారు గొంతు గ్రిల్ లోంచి బయటికొచ్చింది.

"ఏమ్మా, ఆ తెల్ల చొక్కా ఎవరు? లీడరా? పేరు కనుక్కో."

అందరూ ఆమెవైపు చూశారు.

"మాట్లాడవేం? ఎవరతను?"

"మా ఇంటాయన సార్," అంది.

టైలరమ్మ చాచిన కవరు కిందికి దిగింది. వెనక దగ్గులు కూడా ఆగాయి. ఫోనులో పెద్దసారు గొంతు మెత్తగా వచ్చింది. ఆ మెత్తదనం ఆమెకి తెలుసు, అది మెయిళ్ళలో ఉండేదే.

"అయితే ఇంకా సులువు కదమ్మా. ఇంటికి తీసుకుపో. ఆయన సంగతి మనం వేరేగా చూద్దాం. అందరిలో కాదు. ముందు ఆయన్ని అక్కణ్ణుంచి పంపించెయ్."

ఆ మాట ఆయనా విన్నాడు. టైలరమ్మని చూశాడు, క్యాన్లాయన్ని చూశాడు. నవ్వబోయాడు. ఆ నవ్వే కొంపముంచింది. నవ్వు సగంలో ఇరుక్కుని దగ్గు అయింది. దగ్గు ఆగలేదు. నడుం వంగింది. ఒక చెయ్యి మోకాలి మీద, రెండో చెయ్యి కాగితాన్ని నలగకుండా పైకెత్తి పట్టుకుని. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. గాలి లోపలికి పోవడానికి ఎక్కడో సందు వెతుక్కుంటూ సన్నగా కూసింది. పెదవుల రంగు మారింది. టైలరమ్మ ఆయన వీపు రాసింది, అలవాటున్న చేత్తో, ఇంతకుముందు చాలాసార్లు రాసినట్టు.

రిమైండరమ్మ చూసింది. రాత్రిళ్ళు ఫ్యాను చప్పుడు వెనక దాచుకున్నదాన్ని పట్టపగలు, వెలుతురులో, మొహం తిప్పుకోకుండా మొదటినుంచి చివరిదాకా చూసింది. లోపల ఏదీ కరగలేదు, ఏడుపు రాలేదు. చూసింది, అంతే. చూడటమే ఆమె ఇన్నాళ్ళూ చేయని పని.

ఆయన నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. 'మేడమ్' పోయింది.

"చూశావుగా," అన్నాడు. "చూసింది రాయి. చూడంది రాయకు."

"నేనని ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"ముందు రాయి. తర్వాత చెప్తాను."

వెనక కట్టుకున్న చేతులు విడిపోయాయి. కుడిచెయ్యి ముందుకొచ్చింది. గేటు మీద కెమెరా ఎర్రగా మెరుస్తోంది. ఆమె ఆ కాగితాన్ని పట్టుకుంది.

"అందింది!" అని అరిచాడు క్యాన్లాయన, ఉన్న ఊపిరంతా పెట్టి. "అందరూ చూశారుగా, చేత్తో పట్టుకుంది!" కవర్లు ఒక్కసారిగా లేచాయి. ఆమెని లోపలికి లాగమని ఫోనులో పెద్దసారు అరుస్తున్నాడు, ఎవరికీ పట్టలేదు. వాచ్‌మన్ చేతి గడియారం చూసుకుని, గ్రిల్ తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ ఎంతకీ దొరకనట్టు నటించాడు.

"పెన్నుందా ఎవరిదగ్గరైనా?" అంది రిమైండరమ్మ.

పెన్నులు చాలా వచ్చాయి. రాయడానికి కింద పెట్టుకునేందుకే ఏమీ లేదు. టైలరమ్మ వెనక్కి తిరిగి వంగింది. "నా వీపు మీద పెట్టి రాయి తల్లీ. గట్టిగా నొక్కకు, ఎముకలే ఉన్నాయి."

ఆమె కాగితం పరిచింది. ఎన్నాళ్ళుగానో 'దయచేసి'తో తప్ప ఏదీ మొదలుపెట్టని చెయ్యి. కాసేపు గాల్లో ఆగింది. తర్వాత రాసింది. 'ఈయన నా భర్త. ఈయనకి ఊపిరి ఆడకపోవడం నేను ఈరోజు'

వెనక లిఫ్టు తలుపు తెరుచుకుంది. బూట్ల చప్పుడు గ్రిల్ దాకా వచ్చి ఆగింది. కమ్మీల మధ్యనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, అరచెయ్యి పైకి పెట్టి ఆమె పక్కన నిలిచింది.

"ఆ కాగితం ఇలా ఇవ్వు," అన్నాడు పెద్దసారు. "ఇప్పటికైనా మించిపోయింది లేదు. ఇచ్చి లోపలికి రా. నీ సీటు నీదే."

ఆమె తలెత్తలేదు.

"ఒక్క నిమిషం సార్," అంది. "ఇంకా పూర్తి కాలేదు."